వీణ - పుట్టుక, పరిణామం

వీణ కర్ణాటక సంగీతంలో ప్రధానమైన తంత్రీ వాద్యం. నేడు దక్షిణ భారతదేశంలో వీణ అన్నప్పుడు సాధారణంగా సరస్వతీ వీణ అనే అర్థం చేసుకుంటారు. పనస చెక్కతో చేసిన కుండ, పొడవైన దండి, 24 మెట్లు, 7 తీగలు, ఎడమ వైపున ఆనుకొనే బుర్ర ఈ వాద్యం యొక్క ముఖ్య లక్షణాలు. వీణను వాయించే వారిని వైణికులు అంటారు.

వీణ వేదకాలం నాటి వాద్యమని తరచుగా చెప్తారు. ఈ మాట పేరు విషయంలో నిజం, వాద్యం విషయంలో కాదు. ఈ పేరుతో రెండు వేల సంవత్సరాలకు పైగా వ్యవహరించిన వాద్యాలు రూపంలోను, వాదన పద్ధతిలోను పలుమార్లు పూర్తిగా మారినవి. మొదట అది విల్లు ఆకారపు వాద్యం. తరువాత సొరకాయ బుర్ర కట్టిన కర్ర. ఆ తరువాతనే మెట్లు గల వాద్యం. నేటి సరస్వతీ వీణ రూపం 16, 17 శతాబ్దాలలో స్థిరపడినది. ఈ చివరి మార్పులో తుంగభద్రా తీరాన వెలసిన విజయనగర ఆస్థానానికి, ఆ సామ్రాజ్యం నుండి చీలి వచ్చిన తంజావూరు నాయక రాజుల ఆస్థానానికి ముఖ్య పాత్ర ఉన్నది.

ప్రాచీన ప్రస్తావనలు

ఋగ్వేదంలో వాణము, కర్కరి అనే వాద్యాల పేర్లు కనిపిస్తాయి. వీణ అనే పదం యజుర్వేద సంహితలలోను, బ్రాహ్మణాలలోను వస్తుంది. మహావ్రతం అనే యాగంలో నూరు తీగల వాణాన్ని వాయించేవారని బ్రాహ్మణ గ్రంథాలు తెలుపుతున్నవి. ఐతరేయారణ్యకంలో మానవ శరీరాన్ని దైవీ వీణగాను, మనిషి చేసిన వాద్యాన్ని మానుషీ వీణగాను పోల్చి, ఒక్కొక్క అవయవానికి వాద్యంలో ఒక్కొక్క భాగాన్ని చూపినారు.

వాల్మీకి రామాయణం సుందరకాండలో, రావణుని అంతఃపురంలో వీణలను, విపంచులను కౌగిలించుకొని నిద్రించుచున్న స్త్రీల వర్ణన ఉన్నది. పురాణ సంప్రదాయంలో దేవతల వీణలకు వేరు వేరు పేర్లు కలవు. సరస్వతి వీణ కచ్ఛపి, నారదుని వీణ మహతి, తుంబురుని వీణ కళావతి, విశ్వావసుని వీణ బృహతి.

భరతుని నాట్యశాస్త్రం వాద్యాలను తతం (తీగ వాద్యాలు), సుషిరం (ఊదే వాద్యాలు), అవనద్ధం (చర్మ వాద్యాలు), ఘనం (తాళాల వంటివి) అని నాలుగు తరగతులుగా విభజించినది. తీగ వాద్యాలలో 7 తీగల చిత్రా వీణను వేళ్ళతోను, 9 తీగల విపంచిని కోణం అనే మీటుడు పుల్లతోను వాయించాలని చెప్పినది. 22 శ్రుతులను నిరూపించుటకు భరతుడు ధ్రువ వీణ, చల వీణ అనే రెండు సమానమైన వీణలను తీసుకున్నాడు. మొదటి దాని శ్రుతిని కదల్చకుండా, రెండవ దాని తీగల శ్రుతిని మెట్టు మెట్టుగా తగ్గిస్తూ పోల్చి చూపినాడు. స్వరానికి ఒక తీగ చొప్పున ఉన్న వాద్యంపైననే ఈ ప్రయోగం సహజంగా కుదురుతుంది. అందువలన భరతుడు చెప్పిన వీణ మెట్ల వీణ కాదని, విల్లు వీణ అని పండితుల అభిప్రాయం.

విల్లు వీణ

విల్లు వీణలో పడవ ఆకారపు తొట్టిపై చర్మం బిగించి, దాని ఒక కొస నుండి విల్లు వలె వంగిన కొమ్మును నిలుపుతారు. తొట్టి నుండి కొమ్ము వరకు వేరు వేరు పొడవులు గల తీగలను కట్టుతారు. ఒక్కొక్క తీగ ఒక్కొక్క స్వరాన్ని పలుకుతుంది.

తెలుగు దేశంలో ఈ వాద్యానికి శిల్ప సాక్ష్యం కలదు. కృష్ణా తీరంలోని అమరావతి బౌద్ధ శిల్పాలలో స్త్రీలు విల్లు వీణలను పట్టుకొని బృందంగా వాయించుచున్న దృశ్యాలు ఉన్నవి. ఈ శిల్పాలు క్రీస్తు శకం తొలి శతాబ్దాల నాటివి. వాటిలో కొన్ని చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోను, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలోను భద్రపరచబడినవి. 4వ శతాబ్దికి చెందిన గుప్త చక్రవర్తి సముద్రగుప్తుడు వేయించిన ఒక రకం బంగారు నాణెంపై చక్రవర్తి ఆసనంపై కూర్చొని ఇటువంటి వీణనే వాయించుచున్నట్లు చూపబడినది. ప్రాచీన తమిళ సాహిత్యంలో చెప్పిన యాళ్ కూడ ఈ తరగతికి చెందినదే.

సుమారు మొదటి సహస్రాబ్ది చివరికి విల్లు వీణ భారతదేశంలో దాదాపు కనుమరుగైనది. మధ్యప్రదేశ్‌లో గోండుల గాథలు పాడే పర్ధానుల వద్ద బిన్ బాజా అనే చిన్న విల్లు వాద్యం మాత్రం మిగిలినది. విల్లు వీణ వెనుకబడుటకు దాని నిర్మాణంలోనే ఒక కారణం కనిపిస్తుంది. ఇందులో ఎన్ని తీగలో అన్ని స్వరాలే. ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారుట, స్వరాన్ని ఊపుట ఈ వాద్యంపై కష్టం. రాగాలాపన పెరిగిన కొద్దీ, ఒకే తీగపై అనేక స్వరాలను పలికించే వాద్యం అవసరమైనది.

తూర్పు దేశాలలో వీణ

స్వదేశంలో మరుగైన విల్లు వీణ ఇతర దేశాలలో నిలిచినది. మయన్మార్ (బర్మా) దేశంలో సౌంగ్ అనే విల్లు వాద్యాన్ని నేటికీ శాస్త్రీయ సంగీతంలో వాయిస్తారు. అమరావతి శిల్పాలలోని వీణ ఎట్లు ఉండేదో తెలుసుకొనుటకు నేడు దగ్గరి ఉదాహరణ ఇదే.

చైనాలో కోంగ్‌హౌ అనే పేరుతో పలు రకాల వాద్యాలు ఉండేవి. వాటిలో పక్షి తల చెక్కిన విల్లు రకం భారతదేశం వైపు నుండి వచ్చినదని భావిస్తారు. 9వ శతాబ్ది ఆరంభంలో బర్మాలోని ప్యూ రాజ్యం నుండి టాంగ్ చక్రవర్తి ఆస్థానానికి వెళ్ళిన సంగీత బృందం వద్ద ఈ రకం వాద్యం ఉన్నట్లు చైనా చరిత్ర గ్రంథాలు పేర్కొన్నవి. ఈ వాద్యం తరువాతి కాలంలో చైనాలో కూడ అంతరించినది.

చైనా వారి పీపా బేరిపండు ఆకారపు వాద్యం. దీని ప్రధాన రూపం మధ్య ఆసియా మార్గాన చైనాకు చేరినది. అయిదు తీగల రకం భారతదేశంలో పుట్టినదని అంటారు. జపాన్ దేశం నారా నగరంలోని షోసోయిన్ భాండాగారంలో 8వ శతాబ్ది నాటి అయిదు తీగల వాద్యం ఒకటి నేటికీ భద్రంగా ఉన్నది. చైనాలోనే మరొక ప్రాచీన వాద్యమైన గూచిన్‌కు వీణ వలె 7 తీగలు ఉంటాయి, కాని మెట్లు ఉండవు. పలకపై పొదిగిన 13 గుర్తులను చూచి వాదకుడు తీగపై వేలు ఉంచుతాడు. స్వరస్థానాన్ని కంటికి చూపే గుర్తు గూచిన్‌లో ఉన్నది. దానిని మెట్టుగా నిలబెట్టుట వీణలో జరిగినది.

దండి వీణలు - మెట్ల రాక

6, 7 శతాబ్దాల నుండి భారతీయ శిల్పాలలో కొత్త రకం వీణ కనిపిస్తుంది. ఇది పొడవైన కర్రకు లేదా వెదురు గొట్టానికి సొరకాయ బుర్ర కట్టి, పైన తీగ బిగించిన వాద్యం. ఇందులో ఒకే తీగ ఉన్నదానిని ఏకతంత్రి అన్నారు. వాదకుడు తీగపై వేలును గాని, చిన్న వెదురు ముక్కను గాని జరుపుతూ స్వరాలను పలికించేవాడు.

దేవగిరి యాదవ రాజు సింఘణుని ఆస్థానంలో 13వ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీత రత్నాకరం ఏకతంత్రి, నకుల, త్రితంత్రి, చిత్ర, విపంచి, మత్తకోకిల, ఆలాపిని, కిన్నరి, పినాకి మొదలైన వీణలను వర్ణించినది. వీటిలో కిన్నరికి చరిత్రలో ప్రత్యేక స్థానం కలదు, ఎందుకనగా దీనికి మెట్లు ఉన్నవి. కిన్నరికి మెట్లు అమర్చినవాడు మతంగుడని సంప్రదాయం చెప్తుంది. ఎముకతోనో లోహంతోనో చేసిన మెట్లను దండిపై మైనంతో నిలిపేవారు.

తెలుగు సాహిత్యంలో కిన్నర వాద్యం శైవ భక్తులతో ముడిపడి ఉన్నది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కిన్నర వాయిస్తూ శివుని కొలిచిన కిన్నర బ్రహ్మయ్య కథను చెప్పినాడు. అదే కవి పండితారాధ్య చరిత్రలో తన నాటి అనేక వీణల పేర్లను ప్రస్తావించినాడు.

ఈ వాద్యానికి బంధువైన కిన్నెర పాలమూరు ప్రాంతంలో నేటికీ జానపద గాయకుల చేతిలో ఉన్నది. వెదురు దండి, సొరకాయ బుర్రలు, తేనె మైనంతో అతికించిన మెట్లు దీని భాగాలు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న వంటి వీరుల గాథలను పాడుచూ ప్రసిద్ధి పొందినారు. ఆయనకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించినది. ఆస్థాన వీణకు, పల్లె కిన్నెరకు నడుమ రూపంలో ఎంత దూరం ఉన్నా, మెట్టును మైనంతో నిలిపే పద్ధతి రెండింటిలోను ఒకటే.

విజయనగర కాలం

మెట్ల వీణ వచ్చిన తరువాత ఒక కొత్త సమస్య తలెత్తినది. దండిపై ఎన్ని మెట్లు ఉండవలెను, ఎక్కడెక్కడ ఉండవలెను అన్నదే ఆ సమస్య. ఒక రాగానికి కావలసిన స్వరాలకు మాత్రమే మెట్లు పెట్టిన వీణపై మరొక రాగం వాయించవలెనన్న మెట్లను జరుపవలసి ఉండేది.

దీనిని శాస్త్రీయంగా చర్చించిన గ్రంథం స్వరమేళకళానిధి. విజయనగర ఆస్థానంలో అళియ రామరాయల ప్రోత్సాహంతో రామామాత్యుడు దీనిని 1550లో రచించినాడు. రామామాత్యుడు, సంగీత రత్నాకరానికి కళానిధి అనే వ్యాఖ్య వ్రాసిన కల్లినాథుని దౌహిత్రుడు. కల్లినాథుడు కూడ విజయనగర ఆస్థాన విద్వాంసుడే.

రామామాత్యుడు వీణలను తీగల శ్రుతిని బట్టి మూడు విధాలుగా చెప్పినాడు.

* శుద్ధమేళ వీణ
* మధ్యమేళ వీణ
* అచ్యుతరాజేంద్రమేళ వీణ

మూడవ దాని పేరు అచ్యుతదేవరాయల (పాలన 1529-1542) పేరు మీద వచ్చినది. ఈ మూడింటిలో ప్రతి దానిని ఏకరాగమేళ వీణ, సర్వరాగమేళ వీణ అని మరల రెండుగా విభజించినాడు. మొదటి దానిలో రాగాన్ని బట్టి మెట్లు ఉంటాయి. రెండవ దానిలో అన్ని రాగాలకు సరిపడే స్వరస్థానాలు అన్నిటికీ మెట్లు ఉంటాయి, కనుక వాటిని జరుప పనిలేదు. నేటి సరస్వతీ వీణకు మూలం ఈ రెండవ భావన. మధ్యమేళ వీణ తీగలకు చెప్పిన అనుమంద్ర పంచమం, మంద్ర షడ్జం, మంద్ర పంచమం, మధ్య షడ్జం అనే శ్రుతి క్రమమే నేటి వీణలో కూడ ఉన్నది.

మెట్ల వీణ వలన సంగీత శాస్త్రంలో కూడ మార్పు వచ్చినది. కంటికి కనిపించే స్థిరమైన స్వరస్థానాలు ఏర్పడినందున రాగాలను వాటి స్వరాలను బట్టి మేళాలుగా వర్గీకరించుట సులభమైనది. రామామాత్యుడు 20 మేళాలను చెప్పినాడు.

రామామాత్యుని కర్మభూమి అయిన హంపి నేటి కర్ణాటకలో ఉన్నది. దానికి తూర్పున కర్నూలు జిల్లాలోని ఆలూరు, ఆదోని ప్రాంతాలు నాడు విజయనగర సామ్రాజ్యంలోనివి. ఈ రెండు తాలూకాలు 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు బళ్ళారి జిల్లాలో ఉండేవి. రాయలసీమలో ఈ కాలపు సంగీత ఆదరణకు లేపాక్షి వీరభద్రాలయం మంచి సాక్ష్యం. అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు నిర్మింపజేసిన ఈ ఆలయపు నాట్య మండప స్తంభాలపై నాట్యమాడే రంభ, మృదంగం వాయించే బ్రహ్మ, వీణ ధరించిన తుంబురుడు చెక్కబడి ఉన్నారు.

తంజావూరు - 24 మెట్లు

1565 జనవరిలో జరిగిన తళ్ళికోట (రాక్షసి తంగడి) యుద్ధంలో అళియ రామరాయలు మరణించినాడు. విజయనగరం పాడుబడినది. రాజధాని పెనుకొండకు, తరువాత చంద్రగిరికి మారినది. కవులు, కళాకారులు పలువురు దక్షిణాన నాయక రాజుల ఆశ్రయం పొందినారు.

తంజావూరును పాలించిన రఘునాథ నాయకుడు (పాలన 1600-1634) తెలుగు కవి, సంగీత విద్వాంసుడు. ఆయన ఆస్థానంలో తెలుగు సాహిత్యం వర్ధిల్లినది. రఘునాథుని పేరిట వెలసిన సంగీత సుధ అనే గ్రంథ రచనలో ఆయన మంత్రి గోవింద దీక్షితులకు ప్రధాన పాత్ర ఉన్నదని భావిస్తారు. 24 స్థిరమైన మెట్లు గల వీణను రూపొందించిన కీర్తి రఘునాథునికి చెందినదని సంప్రదాయం. అందువలన దీనికి రఘునాథ వీణ, తంజావూరు వీణ అనే పేర్లు వచ్చినవి.

గోవింద దీక్షితుల కుమారుడు వేంకటమఖి 17వ శతాబ్దిలో చతుర్దండీ ప్రకాశికను రచించినాడు. ఈ గ్రంథంలో మొదటి ప్రకరణమే వీణ గురించినది. స్థాయిలోని 12 స్వరస్థానాల ఆధారంగా ఏర్పడగల మేళాలు 72 అని వేంకటమఖి నిరూపించినాడు. నేటి కర్ణాటక సంగీత విద్యార్థులు నేర్చుకొనే 72 మేళకర్తల పద్ధతికి ఇదే పునాది.

బాహ్య రూపంలో కూడ ఈ కాలపు వీణ పాత దండి వీణకు భిన్నం. పాత వీణకు ధ్వనినిచ్చేది కర్ర కింద కట్టిన సొరకాయ బుర్ర. కొత్త వీణలో కుడి వైపున చెక్కతో తొలిచిన పెద్ద కుండ ప్రధాన ధ్వని పేటిక అయినది. ఎడమ వైపు బుర్ర మాత్రం పాత రూపానికి గుర్తుగా మిగిలినది. ఉత్తర భారతంలోని రుద్ర వీణ (బీన్) రెండు పెద్ద బుర్రలతో పాత దండి వీణ రూపాన్నే నిలుపుకొన్నది.

సరస్వతీదేవి చేతిలో నేడు చిత్రకారులు చూపే వీణ ఈ తంజావూరు రకానిదే. 19వ శతాబ్ది చివర రాజా రవివర్మ వేసిన సరస్వతి చిత్రం, అచ్చు ప్రతుల ద్వారా ఇంటింటికీ చేరి ఈ రూపాన్ని ప్రజల మనసులలో స్థిరపరచినది.

మెట్ల లెక్క

తీగ పొడవు తగ్గిన కొద్దీ శ్రుతి పెరుగుతుంది. పొడవు సగమైనప్పుడు శ్రుతి ఒక స్థాయి పైకి వెళ్తుంది. సారణి తీగలో మ్రోగే భాగం పొడవు 80 సెంటీమీటర్లు అనుకొన్నచో ముఖ్య స్వరాల స్థానాలు సుమారుగా ఇట్లు ఉంటాయి.

* మెట్టు తొక్కని తీగ - మధ్య షడ్జం - 80 సెం.మీ.
* 5వ మెట్టు - శుద్ధ మధ్యమం - 60 సెం.మీ. (నాలుగింట మూడు వంతులు)
* 7వ మెట్టు - పంచమం - 53.3 సెం.మీ. (మూడింట రెండు వంతులు)
* 12వ మెట్టు - తార షడ్జం - 40 సెం.మీ. (సగం)
* 24వ మెట్టు - అతితార షడ్జం - 20 సెం.మీ. (నాల్గవ వంతు)

మొదటి స్థాయిలోని 12 మెట్లు వరుసగా శుద్ధ రిషభం, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం, కాకలి నిషాదం, తార షడ్జం. రెండవ స్థాయిలో ఇదే క్రమం తిరిగి వస్తుంది. పైకి పోయిన కొద్దీ మెట్ల నడుమ దూరం తగ్గుటకు కారణం పై లెక్కలోనే ఉన్నది.

మెట్లు స్థిరమైనవైనా వీణలో గమకానికి లోటు లేదు. మెట్టు మీద తీగను పక్కకు లాగినప్పుడు బిగువు పెరిగి పై స్వరాలు పలుకుతాయి. మెట్టు స్వరానికి ఆధారం ఇస్తుంది, లాగుడు రాగానికి జీవం ఇస్తుంది.

నిర్మాణం

* కుండ - కుడి వైపున ఉండే గుండ్రని ధ్వని పేటిక. దీనిపై పలక మూతగా ఉంటుంది.
* దండి - మెట్లు అమర్చిన పొడవైన భాగం. లోపల బోలుగా ఉంటుంది.
* యాళి - దండి చివర చెక్కిన సింహం వంటి ముఖం.
* బుర్ర - ఎడమ వైపు దండి కింద బిగించేది. పూర్వం ఎండిన సొరకాయతో చేసేవారు. ఇప్పుడు కాగితపు గుజ్జు, ఫైబర్ మొదలైన వాటితో కూడ చేస్తున్నారు.
* గుర్రం - కుండ పలకపై తీగలను మోసే చెక్క. దాని పైభాగాన లోహపు రేకు ఉంటుంది.
* బిరడలు - తీగలను బిగించుటకు, వదులు చేయుటకు ఉపయోగించే చెక్క మేకులు.
* నాగపాశం - కుండ చివర తీగలను కట్టే భాగం. ఇక్కడ ఉండే లంగరులతో శ్రుతిని సూక్ష్మంగా సరిచేస్తారు.
* మెట్లు - మైనపు గట్టుపై నిలిపిన 24 లోహపు కడ్డీలు.

ఏడు తీగలలో నాలుగు మెట్లపై సాగుతాయి. అవి సారణి (మధ్య షడ్జం), పంచమం (మంద్ర పంచమం), మంద్రం (మంద్ర షడ్జం), అనుమంద్రం (అనుమంద్ర పంచమం). మిగిలిన మూడు పక్కన ఉండే తాళపు తీగలు. వీటిని మధ్య షడ్జం, మధ్య పంచమం, తార షడ్జాలకు శ్రుతి చేస్తారు. కుడి చేతి చూపుడు, నడిమి వేళ్ళతో నాలుగు తీగలను, చిటికెన వేలితో తాళపు తీగలను మీటుతారు. ఎడమ చేతి చూపుడు, నడిమి వేళ్ళు మెట్లపై నడుస్తాయి.

తయారీ కేంద్రాలు

వీణకు పనస చెక్క శ్రేష్ఠమైనది. బరువు తక్కువ, నాదం ఎక్కువసేపు నిలుస్తుంది, చెక్కుటకు అనుకూలం. కుండ, దండి, యాళి వేరు వేరుగా చేసి అతికించే పద్ధతి ఒకటి. మొత్తం వీణను ఒకే మొద్దు నుండి తొలిచే పద్ధతి మరొకటి. రెండవ రకాన్ని ఏకాండి వీణ అంటారు. అతుకులు లేని వీణలో నాదం ఒకే విధంగా ప్రసరిస్తుందని వైణికుల నమ్మకం.

ఆంధ్రప్రదేశ్‌లో విజయనగరం జిల్లా బొబ్బిలి వీణ తయారీకి ప్రసిద్ధి చెందినది. బొబ్బిలి సమీపాన గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాల వారు తరతరాలుగా ఈ పని చేస్తున్నారు. బొబ్బిలి సంస్థానాధీశుల ఆదరణలో 17వ శతాబ్దిలో ఈ కళ ఇక్కడ మొదలైనదని చెప్తారు. ఏకాండి వీణలకు ఈ ఊరు పేరు పొందినది. బొబ్బిలి వీణకు, తంజావూరు వీణకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఏలూరు జిల్లా నూజివీడు కూడ వీణల తయారీకి పేరుగన్నది.

మేళం కట్టుట

వీణ తయారీలో చివరిది, అత్యంత సూక్ష్మమైనది మేళం కట్టుట, అనగా మెట్లను అమర్చుట. తేనె మైనంలో బొగ్గు పొడి వంటివి కలిపి నల్లని ముద్దగా చేసి దండి ఇరు అంచులలో గట్లుగా పోస్తారు. మైనం మెత్తగా ఉండగా ఒక్కొక్క మెట్టును ఉంచి, తీగ మీటి, చెవితో విని, స్వరం సరిగా పలికే చోట నిలుపుతారు. ప్రతి మెట్టు నాలుగు తీగలపైనా సరిగా పలకవలెను. ఒక మెట్టు ఎత్తు కొంచెం పెరిగినా పక్క మెట్టుపై తీగ తగిలి చిటపట శబ్దం వస్తుంది.

మైనం వేడికి మెత్తబడుతుంది. కొంతకాలం వాడిన తరువాత మెట్లు అరిగి, కదిలి అపశ్రుతి వస్తుంది. అప్పుడు పాత మైనాన్ని తీసివేసి మేళం మరల కట్టవలసి ఉంటుంది. వేసవి ఎండలు తీవ్రంగా ఉండే రాయలసీమ వంటి ప్రాంతాలలో వీణను ఎండ తగలని చోట ఉంచుట అవసరం. మేళం కట్టువాడు వడ్రంగి పనితోబాటు స్వరజ్ఞానం కూడ కలవాడై ఉండవలెను.

వైణికులు - బాణీలు

త్యాగరాజు సమకాలికుడైన ముత్తుస్వామి దీక్షితులు (1775-1835) స్వయంగా వైణికుడు. ఆయన కృతుల విలంబ గతిలో, గమకాలలో వీణ ప్రభావం స్పష్టంగా ఉన్నదని సంగీతజ్ఞులు చెప్తారు. ఆయన వంశానికి చెందిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో ప్రచురించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలో వెలువడిన మహాగ్రంథం. కృతులను స్వరపరచుటతోబాటు, ఏ గమకాన్ని వీణపై ఎట్లు పలికించవలెనో గుర్తులతో వివరించుట దీని విశేషం.

కాలక్రమేణా వీణా వాదనలో తంజావూరు, మైసూరు, ఆంధ్ర బాణీలు ఏర్పడినవి. తమిళనాట వీణ ధనమ్మాళ్ (1867-1938), కారైక్కుడి సోదరులు, మైసూరులో వీణ శేషణ్ణ (1852-1926) సుప్రసిద్ధులు.

ఆంధ్ర బాణీకి విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం సంస్థానాలు ఆశ్రయం ఇచ్చినవి. పిఠాపురం ఆస్థాన వైణికుడు తుమరాడ సంగమేశ్వర శాస్త్రి వీణను విని రవీంద్రనాథ్ టాగూరు ఆయనను శాంతినికేతనానికి ఆహ్వానించినాడు. విజయనగరంలో 1919లో స్థాపించబడిన సంగీత కళాశాల వీణతో సహా పలు విద్యలకు నిలయమైనది. ఈమని శంకరశాస్త్రి (1922-1987) వీణను గాత్రానికి దగ్గరగా పలికించుటతోబాటు, ఆదర్శ శిఖరారోహణం వంటి స్వంత రచనలతో వాద్య పరిధిని విస్తరించినారు. ఆయన శిష్యుడు చిట్టిబాబు (1936-1996) కొమ్మలో కోయిల వంటి రచనల ద్వారా సామాన్య శ్రోతలకు వీణను చేరువ చేసినారు.

ఆధునిక కాలం

వీణ నాదం మృదువైనది, పెద్ద సభలలో వెనుక వరుసలకు వినబడదు. మైకు వచ్చిన తరువాత, ముఖ్యంగా వాద్యానికే తగిలించే కాంటాక్ట్ మైకు వచ్చిన తరువాత ఈ లోపం తీరినది. దీని వలన గట్టిగా మీటవలసిన అవసరం తగ్గి, ఒక మీటుపై అనేక గమకాలను పలికించే పద్ధతి పెరిగినది. మైనానికి బదులు మరలతో బిగించే మెట్లు, మడచి తీసుకొనిపోగల వీణలు, ఎలక్ట్రానిక్ వీణలు కూడ వచ్చినవి. ప్రయాణాలకు ఇవి అనుకూలమే గాని, మైనంపై నిలిపిన మెట్ల నాదానికి ఇవి సాటిరావని పలువురు వైణికుల అభిప్రాయం.

వీణ తయారీ నేడు కష్టదశలో ఉన్నది. ముదిరిన పనస మొద్దులు దొరకుట అరుదగుచున్నది. ఒక వీణను పూర్తి చేయుటకు వారాల తరబడి శ్రమించవలెను. ఆ శ్రమకు తగిన ఆదాయం లేనందున తయారీదారుల పిల్లలు ఇతర వృత్తులకు పోవుచున్నారు. బొబ్బిలిలో సభలలో జ్ఞాపికలుగా ఇచ్చే చిన్న వీణలకు గిరాకీ ఎక్కువగా ఉన్నది. ఈ చిన్న వీణలు కుటుంబాలను పోషించుచున్నవి గాని, వాటికి శ్రుతి చేయుట, మేళం కట్టుట అవసరం లేదు. అందువలన వీటి గిరాకీ ఎంత పెరిగినా మేళం కట్టే విద్య దానంతట అది నిలువదు. విల్లు వీణ శిల్పాలలో మిగిలినది, దాని తీగలను ఎట్లు శ్రుతి చేసేవారో చూపగల చేతులు మాత్రం మిగలలేదు. సరస్వతీ వీణకు ఆ స్థితి రాకుండ ఉండవలెనన్న వాయించే విద్యార్థులు ఎంత అవసరమో, మెట్టును చెవితో నిలుపగల పనివారు అంతే అవసరం.

ఇవి కూడా చూడండి

* కర్ణాటక సంగీతం
* మేళకర్త రాగాలు
* కిన్నెర
* తంబుర
* బొబ్బిలి
* లేపాక్షి
* విజయనగర సామ్రాజ్యం